వేడి సంగతి సరే, అదను మాటేమిటి?

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. స్కూల్లో ప్రాజెక్టు వర్క్ ఇచ్చారట, చార్టూ స్కెచ్ పెన్నులూ ముందేసుకుని కూర్చుంది. శీర్షిక 'వాతావరణ మార్పు: కారణాలు, ప్రభావాలు'. కాసేపు రాసి, పెన్ను మూత పెట్టి అడిగింది.

"మావయ్యా, నిన్న పొద్దున 24 డిగ్రీలుంది. మధ్యాహ్నానికి 35 అయింది. పదకొండు డిగ్రీలు పెరిగినా ఎవరికీ ఏమీ కాలేదు. మరి నూట యాభై ఏళ్ళలో ఒకటిన్నర పెరిగితే కొంపలు మునిగిపోయినట్టు ఎందుకంటారు?"

ఇలాంటి ప్రశ్నకి అందరూ చెప్పే రెడీమేడ్ జవాబొకటుంది. నేనూ అదే చెప్పాను. "మన ఒంట్లో వేడి ఒకటిన్నర డిగ్రీ పెరిగితే జ్వరమంటాం కదా? భూమికీ అంతే."

ఒక్క క్షణం ఆలోచించి, "జ్వరమైతే మూడు రోజుల్లో తగ్గిపోతుందిగా. అయినా భూమికి ఒళ్ళెక్కడుంది?" అంది.

సిగ్గేసింది. ఏళ్ళ తరబడి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నవాణ్ణి. తీరా ఒక పిల్ల సూటిగా అడిగితే ఎరువు తెచ్చుకున్న పోలిక ఒకటి చేతిలో పెట్టి తప్పించుకోబోయాను. ఆ పిల్లకి బాకీ పడిన జవాబే ఈ పోస్టు. కాస్త పొడుగవుతుంది.

నా వాదన ముందే చెప్పేస్తాను. మనం 'వేడి' అనే మాటని పట్టుకుని వేలాడుతున్నాం. దానివల్ల అసలు నష్టం ఎక్కడ జరుగుతోందో కంటికి ఆనడం లేదు. సేద్యం చేసేవాళ్ళు అదను, పదును అని జంటగా అంటారు. విత్తడానికి తగిన వేళ అదను, నేలలో తగినంత తడి పదును. ఒకటుండి రెండోది లేకపోతే విత్తనం మట్టిపాలే. రైతే కాదు, భూమ్మీద పిట్టా చేపా చెట్టూ కూడా ఇలాంటి అదనొకటి పట్టుకునే బతుకుతున్నాయి. పురుగు పుట్టే వారానికి పిట్ట గుడ్డు పగలాలి, మంచు పడే నెలకి కుందేలు తెల్లబడాలి. వేల ఏళ్ళుగా కుదురుకున్న ఈ లెక్కల్ని రెండు మూడు తరాల్లో కదిపేశాం. చాలా జీవులు వేడికి మాడి చావడం లేదు, అదను తప్పి పోతున్నాయి.

ముందు పిల్ల అడిగినదానికి. మన భాషలోనే ఒక చిక్కుంది. ఇవాళ్టి ఎండా వానా వాతావరణమే, ముప్పై ఏళ్ళ సగటూ వాతావరణమే, భూమి చుట్టూ ఉన్న గాలి పొరా వాతావరణమే. ఇంగ్లీషులో వెదర్, క్లైమేట్, అట్మాస్ఫియర్ అని మూడు మాటలున్నచోట మనం ఒక్క మాటతో నెట్టుకొస్తున్నాం. క్లైమేట్‌కి శీతోష్ణస్థితి అని పాఠ్యపుస్తకాల్లో కనబడుతుంది గాని బయట ఎవరి నోటా వినను. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య వచ్చే పదకొండు డిగ్రీలు వెదర్. మనకి ఎండెక్కుతున్నప్పుడు భూమికి అవతలి వైపు చల్లబడుతుంటుంది, మొత్తం సగటు కదలదు. ఆ సగటు కదలాలంటే సముద్రాలూ మంచూ నేలా గాలీ అన్నీ కలిసి కదలాలి. సుమారు 20,000 ఏళ్ళ కిందట, మంచుయుగం ముదిరిన రోజుల్లో, భూమి సగటు ఉష్ణోగ్రత యంత్రాల కాలానికి ముందున్న దానికన్నా ఆరు డిగ్రీలు, అటూ ఇటుగా, తక్కువ. ఆ ఆరు డిగ్రీలకే కెనడా దాదాపు మొత్తం కిలోమీటర్ల మందం మంచు కింద ఉంది. ఉత్తర ఐరోపా కూడా అంతే. సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి దిగిపోయింది. ఒకటిన్నర అంటే అందులో పావు వంతు. 2024లో, ఆ ఒక్క ఏడాది సగటు ఆ గీత దాటేసింది. ఇన్నాళ్ళ కొలతల్లో అంత వేడి సంవత్సరం ఇంకోటి లేదు.

జ్వరం పోలిక కన్నా ఇది నయం. ఈసారి పిల్ల ఎదురు మాట్లాడలేదు, మంచు ఎంత మందమో చార్టు మూలన రాసుకుంది.

తరవాత నేను ఆ చార్టు తీసుకుని కారణాల జాబితా చూశాను. ఓజోన్ పొరకు చిల్లు, ప్లాస్టిక్ వాడకం, జనాభా, వాహనాల పొగ, అడవుల నరికివేత, ఆఖర్న పెద్దక్షరాలతో 'మానవుని దురాశ'. సగం కొట్టేయాలనిపించింది. ఇది పిల్ల తప్పు కాదు, పెద్దవాళ్ళం మాట్లాడుకునే తీరే ఇలా ఉంది.

ఓజోన్ చిల్లు వేరే కథ. ఆ పొర అతినీలలోహిత కిరణాల్ని ఆపుతుంది. అది పలచబడితే చర్మ క్యాన్సర్ల భయం, పంటలకీ సముద్రంలోని సూక్ష్మజీవులకీ దెబ్బ. 'చిల్లులోంచి ఎండ లోపలికి వచ్చి భూమి వేడెక్కుతోంది' అనే మాట ఎంత ఇంపుగా ఉన్నా నిజం కాదు. పైగా 1987 మాంట్రియల్ ఒప్పందం తరవాత దేశాలన్నీ కలిసి ఆ రసాయనాల్ని ఆపేశాయి, పొర నెమ్మదిగా పూడుకుంటోంది. రెండూ కలగాపులగం కావడానికి ఒక సాకు మాత్రం ఉంది. ఓజోన్‌ని తినేసిన ఆ రసాయనాలు, అంటే సీఎఫ్‌సీలు, వేడిని పట్టి ఉంచే వాయువులు కూడా.

దురాశ అని రాస్తే మార్కులు పడతాయేమో. మొట్టమొదటి ఆవిరి యంత్రాలు ఎందుకు పెట్టారో తెలుసా? 1712 నాటి న్యూకోమెన్ యంత్రం బొగ్గు గనుల్లో ఊరిన నీళ్ళు తోడిపోయడానికి. బొగ్గు తవ్వడానికి బొగ్గు కాల్చారు. అందులో దురాశ ఎంతుందో, గనిలో మునిగిపోకూడదన్న ఆరాటం ఎంతుందో నేను తేల్చలేను. గాలిలో కలిసిన కార్బన్‌కి మాత్రం ఆ తేడా పట్టదు. నీతి పాఠంలా మొదలుపెడితే లెక్క పక్కకి పోతుంది, నా గొడవ అదీ.

లెక్క ఏమిటంటే పాతర. చెట్టు గాలిలోంచి కార్బన్ పీల్చుకుంటుంది, చచ్చి కుళ్ళితే తిరిగి గాలికే ఇచ్చేస్తుంది. ఇది చేబదులు లాంటిది, ఇవాళ తీసుకుని రేపు ఇచ్చేయడం. కానీ 30 కోట్ల ఏళ్ళ కిందట, కార్బొనిఫెరస్ యుగపు చిత్తడి అడవుల్లో కూలిన మానుల్లో కొన్ని కుళ్ళకుండా బురదలో కూరుకుపోయాయి. అవే బొగ్గు. ఆ కార్బన్ చలామణీలోంచి తప్పుకుని పాతరలో పడింది. కోట్ల ఏళ్ళు నిండిన ఆ పాతరని 250 ఏళ్ళుగా తోడి పైకి పోస్తున్నాం. ఇప్పుడు బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల ఏటా 3,700 కోట్ల టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలేది ఇందులో నూరో వంతుకి కూడా రాదు. అందుకే 'చెట్లు నాటితే సరి' అనే ప్రసంగాలు వింటే నాకు విసుగు. చెట్లు నాటాలి, వద్దనేదెవరు? అడవులు నరకడం వల్ల వచ్చే వాటా ఏటా వెలువడే మొత్తంలో పదో వంతు దాకా ఉంటుంది, అదీ ఆగాలి. కాని పాతర సొమ్మంతా చేబదులు ఖాతాలో సర్దేద్దామంటే ఖాతా పట్టదు.

ఈ కార్బన్ డయాక్సైడ్‌కి మన పాత సైన్సు పుస్తకాల్లో చక్కని పేరుండేది, బొగ్గుపులుసు వాయువు. ఇప్పుడు ఆ పేరంటే నవ్వుతారు. నాకైతే అందులో కథంతా ఉన్నట్టనిపిస్తుంది. ముందు బొగ్గు, తరవాత పులుసు. పులుసు సంగతి సముద్రం దగ్గరికొచ్చినప్పుడు చెప్తాను.

ఇది వేడిని పట్టి ఉంచుతుందని నిన్నో మొన్నో కనిపెట్టింది కాదు. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ రెండు గాజు గొట్టాలు తీసుకుంది, వాటిలో థర్మామీటర్లు పెట్టింది. ఒకదాంట్లో మామూలు గాలి, ఇంకోదాంట్లో బొగ్గుపులుసు వాయువు నింపి ఎండలో ఉంచింది. రెండో గొట్టం ఎక్కువ వేడెక్కింది. నీడలోకి తెచ్చాక చల్లారడానికి చాలా రెట్లు ఎక్కువ సమయం తీసుకుంది. గాలిలో ఈ వాయువు ఎక్కువైతే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. ఆ పత్రాన్ని సభలో ఆమె చదవలేదు, ఆమె తరఫున జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రవేత్త చదివాడు. కనబడని వేడి కిరణాల్ని వాయువులు ఎలా పీల్చుకుంటాయో మూడేళ్ళ తరవాత జాన్ టిండాల్ విడిగా కొలిచి చూపించాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ చేత్తో లెక్కలు కట్టి, ఈ వాయువు రెట్టింపైతే ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు పెరుగుతుందన్నాడు. ఇప్పటి అంచనా సుమారు 3. పెన్సిలూ కాగితంతో చేసిన లెక్క ఆ మాత్రం దగ్గరికి రావడమే గొప్ప. ఒక్కచోట మాత్రం ఆయన బోల్తా పడ్డాడు. ఆనాటి బొగ్గు వాడకంతో అయితే గాలిలో ఈ వాయువు 50 శాతం పెరగడానికి 3,000 ఏళ్ళు పడుతుందనుకున్నాడు. నూట ముప్పై ఏళ్ళు తిరక్కుండానే దాదాపు అంతా పెరిగిపోయింది.

పెరిగిందని ఎలా తెలుసంటే, 1958 మార్చిలో చార్ల్స్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలుపెట్టాడు. గాలిలో పది లక్షల పాళ్ళకి 313. 2025 మే నెల సగటు 430 దాటింది. ఆ గ్రాఫు నేను మొదటిసారి చూసినప్పుడు ఎక్కుతున్న గీత కన్నా అందులోని రంపపు పళ్ళే ఎక్కువ ఆకట్టుకున్నాయి. ఏటా మే తరవాత గీత దిగుతుంది, సెప్టెంబరు దాటాక మళ్ళీ ఎక్కుతుంది. ఉత్తరార్ధగోళంలో అడవులు చిగురించి గాలిని పీల్చుకోవడం, ఆకు రాల్చి వదలడం. భూమి ఊపిరి తీసుకుంటున్నట్టుంటుంది. భూమికి ఒళ్ళెక్కడుందన్న పిల్లకి ఆ గ్రాఫు చూపించాను. "ఇదేదో ఈసీజీలా ఉంది" అంది. సరే, ఒక పోలిక పోతే ఇంకోటి.

ఆ పెరిగిన కార్బన్ మనదేనని రుజువేమిటని అడిగేవాళ్ళుంటారు, అడగాల్సిందే. మొక్కలకి బరువు తక్కువ కార్బన్ మీద మోజు. కార్బన్-13 కన్నా కార్బన్-12ని ఎక్కువగా తీసుకుంటాయి. మొక్కల నుంచి పుట్టిన బొగ్గూ చమురూ అలాగే ఉంటాయి. ఇప్పుడు గాలిలో కార్బన్-13 పాలు తగ్గుతోంది. అగ్నిపర్వతాల నుంచి వస్తే ఇలా తగ్గదు. మంటకి ఖర్చయ్యే లెక్కకి తగ్గట్టు గాలిలో ఆక్సిజన్ కూడా రవ్వంత తగ్గుతోంది. ఇంకో సాక్ష్యం నాకు అన్నిటికన్నా ఇష్టం. సూర్యుడు మండిపోవడమే కారణమైతే గాలి పొరలన్నీ పైనుంచి కింది దాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు. కింది పొర వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. స్యుకురో మనాబే అనే శాస్త్రవేత్త 1967లోనే కంప్యూటర్ లెక్కతో ఇలా జరుగుతుందని చెప్పాడు. 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మిగతా కారణాలు గబగబా. మీథేన్: పశువుల పొట్టలు, నీళ్ళు నిలిపిన వరిమళ్ళు, చెత్త గుట్టలు, లీకయ్యే గ్యాస్ పైపులు. ఇరవై ఏళ్ళ లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లు బలం, కాకపోతే పన్నెండేళ్ళలో చాలావరకు విరిగిపోతుంది. నత్రజని ఎరువుల నుంచి నైట్రస్ ఆక్సైడ్. సిమెంటు కోసం సున్నపురాయి కాల్చినప్పుడు రాయిలోంచే వెలువడే కార్బన్. ఇక 'మనమందరం కారకులమే' అనే మాట ఒకటుంది, అదీ నాకు నచ్చదు. ఇప్పటిదాకా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి గాలిలోకి వదిలినదంతా కలిపితే అమెరికా వాటా ఒక్కటే దాదాపు నాలుగో వంతు. అందరం అనేసరికి ఎవరూ కాకుండా పోతారు.

సరే, అర్హీనియస్ బోల్తా పడ్డ దగ్గరికి వద్దాం. వేగం.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, డైనోసార్ల కాలంలో ఇంతకన్నా వేడిగా ఉండేది" అని ఎవరో ఒకరు ప్రతి చర్చలోనూ అంటారు. నిజమే, ఉండేది. మంచుయుగం ముగిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకి 80 పాళ్ళు పెరగడానికి ఆరేడు వేల ఏళ్ళు పట్టింది. మనం 1958 నుంచి ఇప్పటిదాకా అంతకన్నా ఎక్కువే కలిపాం. మెట్లు దిగి కిందికి రావచ్చు, మేడ మీద నుంచి దూకీ రావచ్చు. ఎత్తు ఒకటే కదా అని వాదించేవాడితో ఏం మాట్లాడతాం?

ఇప్పుడు పిట్టల దగ్గరికి. పైడ్ ఫ్లైక్యాచర్ అని గుప్పెట్లో పట్టే పిట్ట, పన్నెండు పదమూడు గ్రాముల బరువు. చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడిపి, వసంతానికి సహారా ఎడారి దాటి ఐరోపా అడవులకి పోయి పిల్లల్ని పెడుతుంది. పిల్లల తిండి ఓక్ చెట్ల మీది గొంగళిపురుగులు. అవి దండిగా ఉండేది ఏ మూడు వారాలో. ఇక్కడ రెండు గడియారాలున్నాయి. ఓక్ చిగురూ దాన్ని తినే పురుగూ వేడిని బట్టి నడుస్తాయి. పిట్ట బయలుదేరేది పగటి పొడవును బట్టి. వేల మైళ్ళ అవతల ఆఫ్రికాలో కూర్చున్న పిట్టకి ఓక్ ముందే చిగురేసిందని ఎవరు చెప్తారు? వేడి గడియారం ముందుకి జరిగింది, పగటి గడియారం కదల్లేదు. నెదర్లాండ్స్‌లో గమనించినవాళ్ళు చెప్పేదేమిటంటే, ఈ పిట్టలు వచ్చే తేదీ మారలేదు. వచ్చాక మాత్రం ఊపిరి తీసుకోకుండా గూడు కట్టి, మునుపటికన్నా పది రోజులు ముందే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. అదీ చాలలేదు. పురుగుల సీజన్ బాగా ముందుకి జరిగిన అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఈ పిట్టలు దాదాపు 90 శాతం తగ్గిపోయాయి. ఇందులో ఏ పిట్టా ఎండదెబ్బకి చావలేదు. తిండీ ఉంది, గూడూ ఉంది. వేళ తప్పింది.

ఇంతకన్నా నన్ను పట్టి కుదిపిన కథ రెడ్ నాట్ అనే ఉల్లంకి జాతి పిట్టది. సైబీరియా ఉత్తరపు కొసన టైమిర్ ద్వీపకల్పంలో పుడుతుంది. అక్కడ మంచు ఏటా దాదాపు అరరోజు చొప్పున ముందుకి జరిగి కరుగుతూ వచ్చింది, ముప్పై ఏళ్ళకి రెండు వారాలు. పురుగులు అప్పుడే పుట్టి అప్పుడే అయిపోతున్నాయి. పిల్లలు గుడ్లలోంచి వచ్చేసరికి తిండి పలచబడి, ఎదగాల్సినంత ఎదగడం లేదు. ఒళ్ళు చిన్నది, ముక్కు పొట్టిది. అక్కడితో అయిపోతే బాగుండు. చలికాలానికి ఇవి ఆఫ్రికాలోని మారిటేనియా తీరానికి వెళ్తాయి. అక్కడ వాటి తిండి ఇసుకలో కూరుకుని ఉండే గుల్లలు. పెద్ద ముక్కుకి లోతున గుల్ల అందుతుంది. పొట్టి ముక్కు పిట్ట ముక్కు దించి, వెతికి, ఉత్త చేతులతో అంటే ఉత్త ముక్కుతో పైకి లేస్తుంది. పైపైన దొరికే సముద్రపు గడ్డి వేళ్ళు తిని సరిపెట్టుకుంటుంది. పొట్టి ముక్కు పిల్లల్లో మొదటి ఏడాది గట్టెక్కేవి తక్కువ. వేల కిలోమీటర్ల అవతల రెండు వారాల ముందు మంచు కరిగితే, ఇక్కడ వెచ్చని తీరంలో, తిండి కాళ్ళ కిందే ఉండగా, పిట్ట ఆకలికి పోయింది. మారిటేనియాలో మాత్రమే చూసేవాడు ఇక్కడేమీ మారలేదంటాడు.

స్నోషూ కుందేలు గురించి ఒక్క మాట. ఇదీ పగటి పొడవు చూసే బొచ్చు తెల్లగా మార్చుకుంటుంది. మంచు ఆలస్యంగా పడిన ఏడాది గోధుమరంగు నేల మీద తెల్లటి కుందేలు కూర్చుని ఉంటుంది, తాను కనబడడం లేదనే ధీమాతో.

తాబేలుది ఇంకో రకం అదను. సముద్రపు పచ్చ తాబేలు గుడ్డులో ఆడా మగా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర ఇటు సగం అటు సగం. చల్లగా ఉంటే మగవి, వెచ్చగా ఉంటే ఆడవి. పొదిగే రెండు నెలల్లో నడిమి రోజుల వేడే లెక్క. ఆస్ట్రేలియా తీరపు పగడపు దిబ్బల వరస గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పిల్ల తాబేళ్ళని పరీక్షిస్తే 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో తేలింది. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. గుడ్లు పగులుతున్నాయి, పిల్లలు ఈదుకుంటూ పోతున్నాయి. తాబేలు పెద్దదవడానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి ఈ లోటు బయటపడేదీ అప్పుడే.

వేడి తానే నేరుగా చంపదని నేననడం లేదు. 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ చుట్టుపక్కల రెండు రోజుల్లో 20,000కి పైగా పెద్ద గబ్బిలాలు చెట్ల మీంచి రాలిపోయాయి. 42 డిగ్రీలు వాటికి గీత. ఒక్కోసారి వేడి తన చేతికి మట్టి అంటకుండా ఇంకొకరితో పని చేయిస్తుంది. 2015 మేలో కజకిస్తాన్ మైదానాల్లో సైగా జింకలు మూడు వారాల్లో 2 లక్షలకి పైగా కుప్పకూలాయి, ఆనాటికి లోకంలో ఉన్న సైగాల్లో సగానికి మించి. చంపిన బ్యాక్టీరియా కొత్తగా వచ్చింది కాదు, వాటి గొంతులో ఎప్పుడూ ఉండేదే. ఆ రోజుల్లో అక్కడ ఎన్నడూ లేనంత తేమా వెచ్చదనమూ కలిశాయి, కాపురం చేస్తున్న క్రిమి శత్రువైంది. తరవాత వేట అరికట్టడం వల్ల సైగాలు మళ్ళీ లక్షల్లో పెరిగాయి. వేగంగా ఈనే జీవి కాబట్టి తేరుకుంది. ఏనుగో తాబేలో అయితే తేరుకోదు.

పులుసు సంగతి చెప్తానన్నాను. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో నాలుగో వంతు సముద్రం మింగుతోంది, అదనపు వేడిలో 90 శాతం కూడా. సోడాలో పులుపు ఎలా వస్తుందో అలాగే సముద్రం పులుస్తోంది. పులుపుని కొలిచే పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది (అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు). వినడానికి ఏముంది పదో వంతే కదా అనిపిస్తుంది గాని ఆ కొలమానంలో అది ఆమ్లత్వం 30 శాతం దాకా పెరగడం. 2007 ప్రాంతంలో అమెరికా పశ్చిమ తీరపు హేచరీల్లో, అంటే పిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాల్లో, ఆయిస్టర్ అనే గుల్లజీవి పిల్లలు కోట్లలో చచ్చిపోయాయి. మొదట ఏదో బ్యాక్టీరియా అనుకున్నారు, తీరా చూస్తే లోతులోంచి ఉబికి వచ్చిన పులిసిన నీళ్ళు. ఆయిస్టర్ లార్వా పుట్టిన రెండు రోజుల్లోపు తన మొదటి చిప్ప కట్టుకోవాలి. గుడ్డులో తెచ్చుకున్న శక్తి అంతవరకే. నీళ్ళు పులిసి ఉంటే చిప్ప కట్టడానికే శక్తంతా అయిపోతుంది, ఇల్లు పూర్తయ్యేలోగా యజమాని పోయినట్టు. పగడాలదైతే విడాకుల కథ. ఒంట్లో ఉండి తిండి పెట్టే నాచుని, వేసవి గరిష్ఠం కన్నా ఒక డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు నడిస్తే, పగడం తానే బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. ఆ తరవాత ఆకలి. 2023లో మొదలైన నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబాటు ఇంతకు ముందున్న మూడింటినీ మించిపోయింది.

"జీవులు సర్దుకుపోతాయిలే" అనేవాళ్ళకి నా జవాబు: సర్దుకుంటూనే ఉన్నాయి, అదే భయం. పెరూలో పాంటియాకోయా అనే కొండ మీద పిట్టలు ఏ ఎత్తులో ఉంటాయో 1985లో రాసిపెట్టారు. 2017లో మళ్ళీ వెళ్ళి చూస్తే చాలామటుకు పైకి జరిగాయి. అందరూ పైకి జరిగితే శిఖరం మీదున్నవాళ్ళు ఎక్కడికి జరగాలి? వాటిలో కొన్ని కనబడలేదు. ఆస్ట్రేలియాకీ పపువా న్యూగినీకీ మధ్య బ్రాంబుల్ కే అనే బుల్లి ఇసుక దిబ్బ మీద మాత్రమే బతికే ఎలుక ఒకటుండేది, బ్రాంబుల్ కే మెలోమిస్. పోటు నీళ్ళు మళ్ళీ మళ్ళీ దిబ్బని ముంచి గడ్డిని తుడిచేశాయి. 2009 తరవాత దాన్ని చూసినవాళ్ళు లేరు. వాతావరణ మార్పు వల్ల అంతరించిన మొదటి క్షీరదంగా దాన్ని లెక్కేస్తారు. పోస్టర్ల మీద ధ్రువపు ఎలుగుబంటి బొమ్మే ఉంటుంది. ఎలుకకి బొమ్మెవరు వేస్తారు?

లాభపడేవాళ్ళూ ఉన్నారు, దోమలూ పిడుదులూ. కెనడా బ్రిటిష్ కొలంబియాలో చలికాలపు గడ్డు చలి తగ్గేసరికి పైన్ చెట్లని తొలిచే పురుగు చావడం మానేసి కోటిన్నర హెక్టార్లకి మించి అడవిని తినేసింది. మనిషి సంగతికొస్తే మనం చెమటతో చల్లబడే జీవులం. గాలిలో తేమ నిండిపోతే చెమట ఆరదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 35 చూపిస్తే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకి మించి తట్టుకోలేడని లెక్క. కుర్రాళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో గీత అంతకన్నా కిందే, 31 దగ్గరే కనబడింది. ఎండలో కూలి పని చేసేవాడికి ఆ గీత ఎక్కడుంటుందో ఊహించుకోండి.

ఇదంతా చెప్తుంటే నాకే టెన్షన్. అందుకని పిల్లకి ఇంకో నిజం కూడా చెప్పాను, అది ఓదార్పు కోసం అల్లింది కాదు. కార్బన్ డయాక్సైడ్ వదలడం నికరంగా సున్నాకి తెస్తే ఉష్ణోగ్రత పెరగడం కూడా దాదాపు అక్కడే ఆగుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ నివేదికలు చెప్తున్నాయి. వెనక్కి రాదు, ముందుకీ పోదు. అదను కొత్తచోట కుదురుకోవడానికి పిట్టలకీ పురుగులకీ కాస్త వ్యవధి దొరుకుతుంది.

చార్టు మీద కారణాల్లో 'దురాశ' కొట్టేసి 'పాతర' అని రాసింది. టీచరుకి అర్థమవుతుందా అన్నాను. అడిగితే చెప్తానంది. తాబేలు బొమ్మ వేస్తూ, "మరి ఇసుక చల్లబరిస్తే మగపిల్లలు పుడతాయి కదా, నీళ్ళు పోయొచ్చుగా?" అంది. ఆస్ట్రేలియాలో అచ్చంగా అదే చేసి చూశారు, గూళ్ళ మీద సముద్రపు నీళ్ళు పోస్తే ఇసుక చల్లబడింది. పిల్ల మొహం వెలిగింది.

"ఎన్ని గూళ్ళుంటాయి?"

గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తరాన రెయిన్ ఐలాండ్ అని చిన్న దీవి. ఒక్క సీజన్లో గుడ్లు పెట్టడానికి దాని చుట్టూ చేరిన తాబేళ్ళని డ్రోన్‌తో లెక్కపెడితే 64,000 అని అంచనా వచ్చింది. ఒక్కోటీ సీజన్లో నాలుగైదు సార్లు గుడ్లు పెడుతుంది.

చార్టు తిరగేసి, వెనకవైపు గుణకారం మొదలుపెట్టింది. మధ్యలో తల ఎత్తకుండానే, "గూటికి ఎన్ని బకెట్లు, మావయ్యా?" అంది.